షుగర్ అని తేలిన రోజే కంటి వెనక చూడండి

తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ ఉన్నతాధికారులకు, నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి జిల్లాల వైద్యాధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నేను దేవరకొండ ప్రాంతంలోని ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా జీవశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. కన్ను పాఠం వచ్చినప్పుడు కార్నియాకు తెల్ల సుద్ద, కటకానికి నీలి సుద్ద వాడి, చివరగా రెటీనాకు ఎర్ర సుద్దతో ఒక వంపు గీత గీసి, ఇది తెర, బొమ్మ దీనిమీద పడుతుందని చెప్పి ముందుకు వెళ్లిపోయేవాణ్ణి. ఆ గీతలో ఏముందో నా కుడికన్ను పోయిన తర్వాత గాని నాకు పట్టలేదు. పోయిన కన్ను గురించి మొరపెట్టుకోవడానికి ఈ లేఖ రాయడం లేదు. అది ఏ విధంగా పోయిందో, అదే విధంగా మన జిల్లాల్లో నెలనెలా షుగర్ మాత్రలు తీసుకుంటున్న ఎందరో తమకు తెలియకుండానే చూపు పోగొట్టుకుంటున్నారన్న ఆందోళనతో రాస్తున్నాను.

నాకు 2009లో షుగర్ ఉన్నట్టు తేలింది. ఆనాటి నుంచి పదేళ్లపాటు నెల తప్పకుండా రక్తపరీక్ష చేయించుకున్నాను, రాసిచ్చిన మాత్రలన్నీ వేసుకున్నాను. ఆ పదేళ్లలో నన్ను చూసిన వైద్యుల్లో ఒక్కరైనా చుక్కల మందు వేసి, కంటిపాపను పెద్దది చేసి, లోపలికి చూసిన పాపాన పోలేదు. చూపు మసకగా ఉందని చెప్పిన ప్రతిసారీ అద్దాలు మార్చారు. అలా మూడుసార్లు మారాయి. 2019లో ఒక ఉదయం పత్రిక చదువుతుండగా కుడికంటి ముందు నల్లని దారప్పోగుల్లాంటివి తేలాయి, మధ్యాహ్నానికి ఎర్రటి పొగ కమ్మింది. హైదరాబాద్‌లో పరీక్షించిన వైద్యుడు, రెటీనామీద కొత్త రక్తనాళాలు మొలిచి చిట్లాయని, ఈ జబ్బు నాలుగైదేళ్లుగా లోపల ముదురుతూ వచ్చి ఉంటుందని చెప్పారు. ఆ రోజు నా ఎడమకన్ను చార్టులో చివరి వరుస దాకా తడబడకుండా చదివింది. ఆ కంట్లో కూడా జబ్బు దాదాపు అంతే ముదిరి ఉంది. అధికారులు ఈ రెండో సంగతిని ప్రత్యేకంగా గమనించాలని కోరుతున్నాను, ఎందుకంటే మన కంటి పథకాలన్నీ ఇంకా ఆ చార్టునే నమ్ముకొని నడుస్తున్నాయి.

అలా నమ్ముకోవడానికి ఒకప్పుడు సరైన కారణమే ఉంది. 1996 నుంచి 2000 వరకు ఉమ్మడి రాష్ట్రంలో ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ జరిపిన కంటి జబ్బుల సర్వేకు ఎంచుకున్న నాలుగు ప్రాంతాల్లో మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి. పదివేలమందికి పైగా కళ్లను పరీక్షిస్తే, అంధత్వానికి ప్రధాన కారణాలు శుక్లాలు, అద్దాలతో సరిచేయగల దృష్టిలోపాలు అని తేలింది. అందుకు తగ్గట్టే శుక్లాల ఆపరేషన్లు, అద్దాల పంపిణీ మన కార్యక్రమాలకు వెన్నెముక అయ్యాయి. 2018 ఆగస్టు 15న మొదలైన కంటివెలుగు, 2023 జనవరి 18న మొదలైన దాని రెండో విడత ఊరూరా శిబిరాలు పెట్టి లక్షలమందికి అద్దాలు ఇచ్చాయి. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడను, మా ఇంటి ఎదురుగా ఉండే ముసలమ్మ ఆ అద్దాలతోనే బియ్యంలో రాళ్లేరుతున్నది. అయితే ఈ పాతికేళ్లలో జబ్బు మారింది. భారత వైద్య పరిశోధన మండలి మద్దతుతో జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడినప్పుడు, దేశంలో 10 కోట్లకు పైగా మందికి షుగర్ ఉన్నట్టు లెక్క తేలింది. నలభై ఏళ్లు దాటినవారిపై దేశవ్యాప్తంగా జరిపి 2022లో ప్రచురించిన మరొక అధ్యయనం ప్రకారం షుగర్ ఉన్నవారిలో 12.5 శాతం మందికి రెటీనా జబ్బు ఉంది, 4 శాతం మందిలో అది చూపు పోయే స్థాయికి చేరింది. ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పరిధిలో ఆ వయసు షుగర్ రోగులు వెయ్యిమంది ఉంటే, ఈ లెక్కన దాదాపు నలభైమంది ఇప్పటికే చూపు పోయే అంచున ఉన్నారు. వారిలో చాలామంది ఈ నెల కూడా మాత్రలు తీసుకొని ఏ అనుమానమూ లేకుండా ఇంటికి వెళ్లి ఉంటారు.

జబ్బు అంతకాలం ఎలా దాక్కుంటుందో చెప్పాలంటే నేను తొందరగా గీసి వదిలేసిన ఆ ఎర్రగీత దగ్గరికి మళ్లీ వెళ్లాలి. రెటీనా మందం పావు మిల్లీమీటరుకు అటూఇటూ ఉంటుంది. అంత పలుచటి పొరలో దాదాపు 12 కోట్ల దండాలు, 60 లక్షల కోనులు వెలుగును పట్టుకుంటే, వాటి వార్తను పది లక్షలకు పైగా గాంగ్లియాన్ కణాలు దృష్టినాడి ద్వారా మెదడుకు చేరవేస్తాయి. ఇవన్నీ నాడీకణాలు. మెదడులో ఒక ముక్క ముందుకు సాగి వచ్చి కంట్లో కూర్చున్నదని చెప్పినా తప్పులేదు. బరువును బట్టి చూస్తే శరీరంలో ఇంత ఎక్కువ ఆక్సిజన్ వాడుకునే కణజాలాలు చాలా తక్కువ. విచిత్రమేమిటంటే, వెలుగును పట్టుకునే ఈ కణాలకు పగటికంటే చీకట్లోనే ఎక్కువ శక్తి కావాలి, కాబట్టి మనం కళ్లు మూసుకొని నిద్రపోతున్న వేళ కూడా వాటికి విశ్రాంతి లేదు. ఇంతటి ఆకలి ఉన్న కణాలకు రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా అందితే, లోపల శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు అదుపు తప్పి, కణాన్ని కాల్చే ఆక్సిజన్ రూపాలను పుట్టిస్తాయి. నాడీకణాలు ఒకదానికొకటి వార్త పంపడానికి వాడే గ్లుటమేట్ అనే రసాయనం కణాల మధ్య పేరుకుపోయి నాడీకణాలకు విషమవుతుంది. ఆ గ్లుటమేట్‌ను ఎప్పటికప్పుడు ఎత్తిపోయవలసిన ముల్లర్ కణాలు తామే వాపుకు లోనవుతాయి. అందుకే కొందరు రోగుల్లో రక్తనాళాల మార్పులు కంటికి కనపడకముందే గాంగ్లియాన్ కణాల పొర పలచబడినట్టు స్కానింగులో తెలుస్తున్నది. చర్మం తెగితే మళ్లీ పుడుతుంది, మనిషి రెటీనాలో చచ్చిన నాడీకణం మళ్లీ పుట్టదు.

రక్తనాళాల కథ కూడా ఇంతే నిశ్శబ్దంగా నడుస్తుంది. రెటీనాలోని సన్నని నాళాలను పెరిసైట్లు అనే కణాలు చుట్టూ పట్టుకొని ఉంటాయి. సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసేవారికి చెప్పాలంటే అవి కాలువకు గట్టు వంటివి. షుగర్ దెబ్బకు మొదట చచ్చేవాటిలో ఈ పెరిసైట్లు ముందుంటాయి. గట్టు బలహీనపడ్డ చోట నాళం చిన్న బుడగలా ఉబ్బుతుంది, అక్కడి నుంచి నీరు, కొవ్వు ఊరి, మనం అక్షరాలు చదివే పచ్చచుక్క దగ్గర చేరితే చూపు మసకబారుతుంది. మరికొన్ని నాళాలు పూర్తిగా పూడిపోతాయి. వాటి కింద రక్తం అందని రెటీనా, కొత్త నాళాలు కావాలంటూ వీఈజీఎఫ్ అనే రసాయనాన్ని వదులుతుంది. దానికి స్పందించి మొలిచే నాళాలు పెళుసైనవి, కంటి మధ్యలోని జిగురు పదార్థంలోకి పాకి, ఒకనాడు చిట్లుతాయి, లేదా మచ్చకట్టి రెటీనానే లాగి ఊడదీస్తాయి. నాకు 2019లో కనిపించిన ఎర్రటి పొగ ఈ కథలో చివరి అధ్యాయం. పచ్చచుక్కను తాకనంత కాలం అంతకుముందు అధ్యాయాలేవీ రోగికి నొప్పిగాను, మంటగాను, మసకగాను తెలియవు.

రెటీనా కణాలను కాపాడటానికి ఏం చేయవచ్చో వైద్యశాస్త్రం చాలా కాలం కిందటే తేల్చింది. అమెరికా, కెనడాల్లో మొదటి రకం షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ తయారీయే దాదాపు ఆగిపోయే రకం) ఉన్న 1,441 మందిపై జరిపి 1993లో ప్రకటించిన అధ్యయనంలో, చక్కెరను గట్టిగా అదుపులో ఉంచినవారిలో రెటీనా జబ్బు కొత్తగా వచ్చే ముప్పు 76 శాతం తగ్గింది. బ్రిటన్‌లో రెండో రకం షుగర్ (ఎక్కువగా పెద్దవయసులో వచ్చే మామూలు రకం) ఉన్నవారిపై జరిగిన అధ్యయనం 1998లో మరొక ముఖ్యమైన సంగతి చెప్పింది. రక్తపోటును గట్టిగా అదుపు చేస్తే రెటీనా జబ్బు ముదరడం 34 శాతం తగ్గింది. మన దగ్గర బీపీ మాత్రను గుండెకు, పక్షవాతానికి సంబంధించిందిగా చెబుతారే తప్ప, అది కంటికి కూడా కాపలా అని రోగికి చెప్పేవారు అరుదు. ఈ ఒక్క మాట ఆశా కార్యకర్తల నోట వినిపించినా, ఒంట్లో బాగానే ఉందని బీపీ మాత్ర మధ్యలో మానేసేవారు కొందరైనా ఆగుతారని నా నమ్మకం.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా ఉంది. ఏళ్ల తరబడి విపరీతంగా ఉన్న చక్కెరను ఇన్సులిన్ మొదలుపెట్టి ఒక్కసారిగా దించినప్పుడు, అప్పటికే దెబ్బతిన్న రెటీనా కొన్ని నెలలపాటు మరింత చెడిపోయే అవకాశం ఉందని, 1993 నాటి అధ్యయనంలోనే గమనించారు. ఆ తర్వాత అదుపు వల్ల మేలే జరుగుతుంది కాబట్టి ఇన్సులిన్‌కు భయపడవలసిన పని లేదు, మొదలుపెట్టే ముందు రెటీనా చూడవలసిన పని మాత్రం ఉంది. షుగర్ ఉన్న స్త్రీ గర్భవతి అయినప్పుడు కూడా ఈ జబ్బు వేగంగా ముదరవచ్చు. మూడో నెల లోపలే ఆమె కన్ను చూడాలి. గర్భిణుల పరీక్షల జాబితాలో మనం రక్తాన్ని, మూత్రాన్ని, బరువును రాసుకుంటున్నాము, షుగర్ ఉన్న తల్లి రెటీనాను కూడా అందులో చేర్చవలసింది.

జబ్బు ముదిరిన తర్వాత చేసే వైద్యమూ ఉంది, అది పనిచేస్తుంది కూడా. కొత్త నాళాలు మొలిచిన కంటికి లేజర్ పెడితే తీవ్రమైన చూపు నష్టం సగానికి పైగా తగ్గుతుందని అమెరికాలో జరిగిన అధ్యయనం 1976లోనే చూపింది. అయితే లేజర్ చేసేదేమిటో రోగికి తెలియాలి. రెటీనా అంచుల్లోని కణాలను కాల్చి, ఆక్సిజన్ అడిగే నోళ్లను తగ్గించి, మధ్య భాగాన్ని నిలబెడుతుంది. నా ఎడమకన్ను ఆ బేరంలోనే దక్కింది. పత్రిక చదువుతాను గాని, పొద్దుగూకితే గేటు తాళం చేత్తో తడుముకుంటాను. పచ్చచుక్క దగ్గర వాపు వచ్చినవారికి కంట్లోకి సూది మందు ఇస్తారు. రానిబిజుమాబ్, అఫ్లిబర్‌సెప్ట్ కంటి కోసం తయారైనవి. పెద్దపేగు క్యాన్సర్ కోసం వచ్చిన బెవాసిజుమాబ్‌ను చిన్న మోతాదులుగా విభజించి తక్కువ ఖర్చుతో వాడుతున్నారు. ఏ సూదైనా ఒకటితో అయిపోదు, మొదట్లో నెలకొకటి చొప్పున వరుసగా పడాలి. మా వీధిలోని తాపీ మేస్త్రి ఒకరు రెండు సూదులకే వాపు దిగి అక్షరాలు కనపడగానే పుణెకు పనికి వెళ్లిపోయారు. ఏడాది తర్వాత తిరిగి వచ్చేసరికి వాపు మళ్లీ వచ్చి, ఈసారి కింది కణాలను తినేసింది. ఆయన్ను నిర్లక్ష్యపు మనిషి అనడానికి నాకు నోరు రాదు. ఒక్కో సూదికి వంద కిలోమీటర్లకు పైగా దూరంలోని హైదరాబాద్ వెళ్లాలి, రెండు రోజుల కూలి పోవాలి, చుక్కల మందుతో కళ్లు మసకబారిన మనిషిని చేయి పట్టుకొని తీసుకురావడానికి ఇంట్లోంచి ఇంకొకరు పని మానుకోవాలి.

నాడీకణాలను నేరుగా కాపాడే మందు ఉందా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. ఐరోపాలో బ్రిమోనిడిన్, సోమాటోస్టాటిన్ చుక్కల మందులను దాదాపు రెండేళ్లపాటు పరీక్షించి 2019లో ఫలితాలు ప్రచురించారు. మొత్తం మీద ఆశించిన మేలు కనపడలేదు, అప్పటికే నాడీకణాల పని కొంత తగ్గినవారిలో మాత్రం తగ్గుదల ఆగిన సూచనలు వచ్చాయి. రక్తంలో కొవ్వు తగ్గించడానికి వాడే ఫెనోఫైబ్రేట్ రెటీనా జబ్బు ముదరడాన్ని 27 శాతం తగ్గించిందని స్కాట్లాండ్ అధ్యయనం 2024లో తెలిపింది. మూత్రపిండాల పనితీరు చూసుకొని వైద్యుడు నిర్ణయించవలసిన మందు అది, సొంతంగా కొనుక్కునేది కాదు. ఈ లోగా కంటి నరాలకు బలమని చెప్పి ఖరీదైన విటమిన్ డబ్బాలు అంటగట్టేవారు, సంతల్లో కంట్లో పసరు పోసేవారు తమ పని తాము చేసుకుపోతున్నారు. ప్రభుత్వ పరీక్ష ఊరికి రాని చోట పసరు ముందుగా వస్తుంది.

కాబట్టి ఇవాళ్టికి మన చేతిలో ఉన్న అసలు రక్షణ, జబ్బును అది మాట్లాడకముందే పట్టుకోవడం. ఇంగ్లండ్‌లో 2003 నుంచి పన్నెండేళ్లు దాటిన ప్రతి షుగర్ రోగినీ పేరుపేరునా పిలిచి రెటీనా ఫొటో తీసే కార్యక్రమం నడుస్తున్నది. పనిచేసే వయసువారి అంధత్వానికి మొదటి కారణంగా ఉన్న షుగర్ జబ్బు అక్కడ ఐదు దశాబ్దాల్లో మొదటిసారి ఆ స్థానం నుంచి దిగిపోయిందని 2014లో ప్రచురించిన విశ్లేషణ తెలిపింది. రెండుసార్లు వరుసగా జబ్బు లేదని తేలినవారిని ఇప్పుడు రెండేళ్లకొకసారి పిలుస్తున్నారు, అంటే భారం కూడా మనం భయపడేంత పెద్దది కాదు. వారికి డబ్బుంది, మనకు లేదన్న సమాధానం నాకు తెలుసు. కాని వారి బలమంతా కెమెరాలో లేదు, పేరుపేరునా పిలిచే ఆ జాబితాలో ఉంది. ముప్పై ఏళ్లు దాటినవారికి షుగర్, బీపీ పరీక్షలు చేసి పేర్లు నమోదు చేసుకునే జాబితా మన ఆరోగ్య ఉపకేంద్రాల్లో ఇప్పటికే ఉంది.

నా మొదటి అభ్యర్థన ఆ జాబితా గురించే. మా మండలంలో నాకు తెలిసినవారి షుగర్ పుస్తకాలు అడిగి చూశాను. తేదీ, షుగర్, బీపీ, ఇచ్చిన మాత్రలు అని గడులు ఉన్నాయి, కంటికి గడి లేదు. చివరిసారి రెటీనా చూసిన తేదీ, కుడి, ఎడమ, మళ్లీ చూడవలసిన తేదీ అన్న గడులు చేరిస్తే అయ్యే ఖర్చు అచ్చు ఖర్చే. ఖాళీగా ఉన్న గడి ప్రతి నెలా ఏఎన్ఎంను ప్రశ్నిస్తుంది. ఉపాధ్యాయుడిగా నాకున్న అనుభవంలో, రిజిస్టరులో గడి ఉన్న పనే జరిగింది, గడి లేని పని సర్క్యులర్‌లో ఉండిపోయింది.

రెండవది, రెండో రకం షుగర్ తేలిన రోజునే మొదటి ఫొటో తీసేలా ఆదేశం కావాలి. ఆ రకం జబ్బు బయటపడేనాటికే కొన్నేళ్లుగా ఒంట్లో ఉండి ఉండవచ్చు కాబట్టి, ఐదేళ్ల తర్వాత చూద్దామనడం మొదటి రకానికి చెల్లుతుందే గాని దీనికి చెల్లదు. కంటిపాపను పెద్దది చేయకుండానే ఫొటో తీసే చేతి కెమెరాలు ఇప్పుడు మన దేశంలోనే తయారవుతున్నాయి. దేవరకొండ, మిర్యాలగూడ, అచ్చంపేట, కొల్లాపూర్, నారాయణపేట వంటి పట్టణాల ఆసుపత్రులకు ఒక్కొక్కటి ఇచ్చి, మాత్రలిచ్చే రోజునే అక్కడి నుంచి వంతులవారీగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు తిప్పితే, రోగి ప్రత్యేకంగా ఒక రోజు పోగొట్టుకోనక్కరలేదు. తీసిన ఫొటోలను నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి ప్రభుత్వ వైద్య కళాశాలల నేత్ర విభాగాలు చూసి చెప్పవచ్చు, బీబీనగర్ ఎయిమ్స్ పైస్థాయి సలహా ఇవ్వవచ్చు. కంప్యూటరే ఫొటో చదివి జబ్బు ఉన్నదీ లేనిదీ చెప్పే సాధనానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లోనే అనుమతి ఇచ్చింది. అలాంటిది మన దగ్గర వాడినా, మసకగా వచ్చిన ఫొటోను బాగుంది అని దాటవేయకుండా, మనిషిని చుక్కల మందు పరీక్షకు పంపే నియమం ఉండాలి. శుక్లం ఉన్న ముసలివారి ఫొటోలే ఎక్కువగా మసకగా వస్తాయి, ఈ జబ్బు ఎక్కువగా ఉండేది కూడా వారిలోనే.

మూడవది, ఫొటోలో జబ్బు తేలిన మనిషిని ఎక్కడికి పంపాలో ముందే తేల్చకుండా కెమెరాలు కొనవద్దు. నీ కన్ను పోతుందని చెప్పి చికిత్స చూపించకపోవడం, చెప్పకపోవడం కంటే క్రూరమైన పని. జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రిలో వారంలో ఒక రోజు లేజర్‌కు, ఒక రోజు సూదులకు కేటాయించి, ఆ తేదీలు ఊరి పల్లె దవాఖాన గోడమీద రాయించాలి. 2023 డిసెంబర్ నుంచి ఆడవారికి బస్సు ఉచితమైనందున దూరం కొంత తగ్గింది. తోడు మనిషి సమస్య అలాగే ఉంది. ఒక ఊరి రోగులందరికీ ఒకే రోజు ఇస్తే, ఒకరిద్దరు తోడుతో పదిమంది వెళ్లి రావచ్చు.

పాలమూరు సంగతి వేరుగా చెప్పాలి. నారాయణపేట, మక్తల్, కొడంగల్ వైపు నుంచి, మా దేవరకొండ తండాల నుంచి ముంబై, పుణెలకు వలస వెళ్లేవారు దసరాకు, సంక్రాంతికి, ఊరి జాతరకు తిరిగి వస్తారు. వారి కోసం కెమెరా ఆ రోజుల్లోనే ఊళ్లో ఉండాలి, ఉద్యోగులకు ఆ రోజులే సెలవులన్నది నాకు తెలిసిన ఇబ్బందే. సూదుల వరుస మధ్యలో ఉన్నవారికి ఎన్ని పడ్డాయో, ఎన్ని పడాలో రాసిన కార్డు తెలుగుతో పాటు హిందీలో కూడా ఇస్తే, వారు వెళ్లిన చోటి ఆసుపత్రిలో చూపించుకోగలుగుతారు.

మాట గురించి కూడా ఒక మాట. గోడ ప్రకటనల్లో మధుమేహ దృష్టిపటల వ్యాధి అని రాస్తున్నారు. జీవశాస్త్రం చెప్పిన నాకే అది ఒక్క ఊపిరిలో పలకదు. షుగర్ వల్ల కంటి వెనక తెర చెడిపోతుంది, బయటికి తెలియదు, ఫొటో తీస్తే తెలుస్తుంది అని రాయించండి. తండాల్లో అదే మాటను లంబాడీలో చెప్పించండి. ఫ్లోరైడ్ నీళ్లతో మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో వంగిపోయిన కాళ్లు అందరికీ కనపడ్డాయి కాబట్టి, ఎన్ని దశాబ్దాలు పట్టినా, చివరికి నీళ్లు మార్చక తప్పలేదు. రెటీనా చెడిన మనిషి చివరి రోజు దాకా మామూలుగానే నడుస్తాడు, అతని ఫొటో ఏ పత్రికలోనూ పడదు.

ఈ సంవత్సరం షుగర్ పుస్తకాలు మళ్లీ అచ్చుకు వెళ్లే ముందు కంటి గడులు చేర్చే విషయంలో మీ నిర్ణయాన్ని పత్రికాముఖంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. దేవరకొండకు కెమెరా వచ్చిన రోజు నుంచి, వరుసలో కూర్చున్నవారికి బొమ్మ గీసి విషయం చెప్పే పని జీతం లేకుండా నేను చేస్తాను. నాకు ఒక నల్లబల్ల, రంగు సుద్దలు చాలు. రెటీనాను ఈసారి ఒక్క గీతతో వదిలేయను.

ఇట్లు
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు
దేవరకొండ, నల్గొండ జిల్లా